గుడ్డులోంచి వచ్చిన పాము పిల్లకు ఇల్లు, మొదటి మేత ఎలా?

పాము పిల్ల ఏమీ తినడం లేదని టెన్షన్ పడేవాళ్లలో చాలామంది, అది తినాల్సిన రోజు రాకముందే మేత పెట్టడం మొదలుపెట్టినవాళ్లే. ఇక్కడ చెప్పేది కార్న్ స్నేక్ (ఇళ్లలో పెంచుకునే, విషం లేని ఒక అమెరికా పాము) పిల్లల గురించి.

1. ఇల్లు

ఐదారు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, గట్టిగా బిగుసుకునే మూత, గాలికి సన్నటి రంధ్రాలు చాలు. పెన్సిల్ దూరే సందు ఉంటే పిల్ల బయటికి పోయినట్టే. అడుగున టిష్యూ పేపర్ పరవండి, వేరే ఏదీ వద్దు. చిన్న నీళ్ల గిన్నె, దాక్కోవడానికి వెచ్చటి వైపు ఒక గూడు, చల్లటి వైపు ఒక గూడు పెట్టండి. అందంగా ఉంటుందని పెద్ద గాజు తొట్టి కొనకండి. చుట్టూ ఖాళీ ఎక్కువైతే పిల్ల బెదిరిపోయి మేత మానేస్తుంది. ఒక డబ్బాలో ఒక్క పిల్లే ఉండాలి. ఒకే ఈడువైనా ఒకదాన్నొకటి మింగే ప్రమాదం ఉంది.

2. వేడి

డబ్బా అడుగులో మూడో వంతు భాగం కిందికి మాత్రమే వచ్చేలా హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచటి పట్టా) పెట్టి, దానికి థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా చూసే పరికరం) తగిలించండి. వెచ్చటి వైపు 28-30 డిగ్రీల సెల్సియస్, రెండో వైపు 22-24. థర్మోస్టాట్ లేని మ్యాట్ పిల్ల పొట్టను కాల్చేస్తుంది. తిన్నది అరగడానికి పాముకి బయటి వేడే ఆధారం కాబట్టి, వేడి కుదరకుండా మేత పెట్టకూడదు.

3. మొదటి మేత

అందరూ పాడుచేసేది ఇక్కడే. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల కడుపులో పచ్చసొన ఇంకా ఉంటుంది. సుమారు వారం, పది రోజులకు మొదటి కుబుసం విడుస్తుంది. అప్పటిదాకా నీళ్లు మార్చడం తప్ప మీకు పని లేదు. కుబుసం విడిచాక రెండు రోజులు ఆగండి.

మేత పింకీ, అంటే అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్ల. ఫ్రీజర్‌లోది తీసి ఫ్రిజ్‌లో కరగనిచ్చి, కవర్లో పెట్టి వేడి నీళ్లలో ఉంచండి. ముట్టుకుంటే మన ఒంటి కంటే కొంచెం వెచ్చగా తగలాలి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, లోపల ఉడికిపోతుంది.

సాయంత్రం లైటు తగ్గించి, పట్టకారుతో పింకీని గూడు ముందు నెమ్మదిగా కదపండి. పిల్ల పట్టుకుందా, అక్కడే బిగుసుకుపోండి. చెయ్యి కదిలితే వదిలేస్తుంది. మెడ వంచి వెనక్కి లాక్కుంటే అది ఆకలి కాదు, భయం. పింకీని గూడు దగ్గరే వదిలి, మూత పెట్టి వెళ్లిపోండి. తెల్లారాక అలాగే ఉంటే తీసేయండి.

ఆ తర్వాత ఐదు రోజులు మళ్లీ పెట్టకండి, మాటిమాటికి మూత తీసి చూడకండి. రోజూ పెట్టేవాళ్లు పిల్లకు మేతంటేనే భయం నేర్పుతున్నారు. తర్వాతి ప్రయత్నంలో ఒక్క మార్పే చేయండి: ముందు పింకీని గోరువెచ్చని నీళ్లతో కడిగి చూడండి, అదీ కుదరకపోతే తల మీద చిన్న గాటు పెట్టండి. ఆ వాసన చాలా పిల్లల్ని కదిలిస్తుంది. నా దగ్గర ఒక పిల్ల నాలుగుసార్లు ముట్టలేదు. ఐదోసారి గాటు పెట్టిన పింకీతో పాటు చిన్న డబ్బాలో రాత్రంతా వదిలేస్తే, పొద్దున్నకి పింకీ లేదు.

బతికున్నదే పెడితే త్వరగా తింటుంది కదా అంటారు. తింటుంది. కానీ రేపు అదే పాముకి పెద్ద ఎలుకను బతికుండగా పెడితే, ఎలుక తిరగబడి దాని తలో వెన్నో కొరికేస్తుంది. ఫ్రీజర్ మేత మొదటి రోజు నుంచే అలవాటు చేయండి.

నోరు తెరిచి బలవంతంగా తోయడం మీరు చేసే పని కాదు. ఆరోగ్యమైన పిల్ల కొన్ని వారాలు తినకపోయినా తట్టుకుంటుంది. వారం వారం తూకం వేయండి. బరువు తగ్గుతూ పోతుంటే పాముల్ని చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

4. తిన్న తర్వాత

48 గంటలు ముట్టుకోకండి. ఐదారు రోజులకోసారి ఒక పింకీ సరిపోతుంది. కళ్లు నీలంగా మసకబారితే మళ్లీ కుబుసం వస్తోందని అర్థం, అది విడిచేదాకా మేత వద్దు. తిన్నది కక్కితే ముందు వేడి సరిచూసుకోండి. పది, పద్నాలుగు రోజులు కడుపుకి విశ్రాంతినిచ్చి, ఈసారి ఇంకా చిన్న పింకీ పెట్టండి. వరసగా నాలుగు మేతలు తిని అరిగించుకున్నాకే పిల్లను చేతిలోకి తీసుకోండి, అదీ మొదట్లో ఐదు నిమిషాలే.