అతుకుల బొంత: గడి కొలత తప్పకుండా కుట్టడం, తప్పితే సరిచేయడం

మా అమ్మ కట్టిన నేత చీరలు తొమ్మిది నా బీరువాలో ఉండేవి. వాటితో మనవరాలికి అతుకుల బొంత కుడదామని కూర్చున్నాను. 9 చదరపు ముక్కలు కలిపితే ఒక గడి, అలాంటి 30 గడులు కలిపితే బొంత. మొదటి ఆరు గడులు కుట్టి మంచం మీద పక్కపక్కన పరిచాను. ఒకటి 12.5 అంగుళాలు వచ్చింది, దాని పక్కది 12.25. అంచులు ఎక్కడా కలవలేదు.

కత్తిరింపు సరిగానే ఉంది. తేడా అంతా కుట్టులో ఉంది. 4.5 అంగుళాల ముక్కలు మూడు వరుసగా కుడితే మధ్యలో రెండు కుట్లు వస్తాయి. ఒక్కో కుట్టు, రెండు ముక్కల్లోనూ పావు అంగుళం చొప్పున లోపలికి తీసుకుంటుంది. అక్కడ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పట్టినా గడి మొత్తం పావు అంగుళం తగ్గుతుంది. వరుసకు ఆరు గడులంటే అంగుళంన్నర!

అందుకే అసలు బట్ట ముట్టుకునే ముందు కుట్టుమిషన్‌ను సరిచూసుకోండి. సూది కింద స్కేలు పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ సూదిని సరిగ్గా పావు అంగుళం గీత మీదికి దించండి. స్కేలు అంచు వెంబడి మిషన్ పలక మీద టేపు అంటించండి. ఇక బట్ట అంచు ఆ టేపును రాసుకుంటూ పోవాలి. పరీక్షకు అంగుళంన్నర వెడల్పున్న పట్టీలు మూడు కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. మధ్య పట్టీ కచ్చితంగా 1 అంగుళం ఉండాలి. తక్కువగా ఉంటే టేపును ఒక పోగంత సూది వైపు జరపండి. బట్ట మడతపడే చోట కూడా కాస్త కొలత పోతుంది కాబట్టి నేను పావు అంగుళానికి ఒక పోగు తక్కువే కుడతాను.

ఇక బట్ట సంగతి. పాత చీర ఇప్పటికే కుంచించుకుపోయి ఉంటుంది. దాని పక్కన కొత్త మంగళగిరి బట్ట వేస్తే మొదటి ఉతుకులోనే కొత్త ముక్క ముడుచుకుని గడిని లాగేస్తుంది. కొత్త బట్టను ముందే ఉతికి ఆరేయండి. ఎరుపు, నీలం ముక్కలను తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడండి, మరక పడితే రంగు దిగడం ఆగేదాకా జాడించండి. చీర మధ్యభాగాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని రెండు చేతులతో మెల్లగా లాగండి. పోగులు విడిపోతే ఆ భాగం వదిలేయడమే. కొంగు గట్టిగా ఉంటుంది. జరీ అంచు మాత్రం ఎక్కువ వేడికి తట్టుకోదు.

ఇస్త్రీ విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. పెట్టెను బట్ట మీద జరపకూడదు, దించి ఎత్తాలి. జరిపితే పలుచని నూలు సాగి చదరం కాస్తా వంకరవుతుంది. మొదటి, మూడో వరుసల్లో కుట్టు మడతలు కుడికి, రెండో వరుసలో ఎడమకు వాల్చండి. వరుసలు కలిపేటప్పుడు ఆ మడతలు ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. అక్కడే గుండుసూది గుచ్చండి.

చదరాల బదులు త్రిభుజాలతో గడి కుట్టాలంటే, రావలసిన కొలతకన్నా అంగుళం పెద్దగా రెండు చదరాలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి పెట్టండి. మూల నుంచి మూలకు గీత గీసి, దానికి రెండు వైపులా పావు అంగుళం దూరంలో కుట్టండి. గీత మీద కత్తిరించి విప్పితే, రెండేసి త్రిభుజాలు కలిసిన చదరాలు రెండు వస్తాయి. వాటిని అప్పుడు కొలతకు కత్తిరించుకోవాలి. క్రాస్‌గా ఉన్న అంచు విడిగా చేతిలోకి రాదు కాబట్టి సాగదు.

తప్పిన గడిని లాగి సరిపెట్టకండి. వెనక్కి తిప్పి ఒక్కో కుట్టునూ స్కేలుతో కొలవండి. నా గడిలో ఎడమ నిలువు కుట్టు ఒక్కటే చివర్లో లోపలికి వంగింది. దాన్నే విప్పాను. ప్రతి నాలుగో కుట్టును సూదిమొనతో ఎత్తి చిన్న కత్తెరతో తెంపాను. వెనకవైపు బాబిన్ దారం (మిషన్ కింది దారం) కొస పట్టి లాగితే పొడవాటి పోగై ఊడి వచ్చింది. రెండు ముక్కలనూ చెరోవైపు పట్టి చీల్చితే పాత నూలు నిలవదు. మిగిలిన సూది బెజ్జాల మీద నీళ్లు చిలకరించి, గోటితో అటూ ఇటూ రుద్ది, ఇస్త్రీ పెట్టె అద్దితే పోగులు దగ్గరపడతాయి. ఒకే కుట్టును రెండుసార్లకు మించి నేను విప్పను. మూడోసారికి ముక్కనే మారుస్తాను.

గడి పెద్దదైతే అంచులు కత్తిరించేయాలనిపిస్తుంది. త్రిభుజాల గడిలో అలా చేస్తే మొనలు తెగుతాయి. పాత కుట్టు విప్పకుండానే దాని లోపలి పక్కన, ఒక పోగు దూరంలో మరో కుట్టు వేయండి. చాలా గడులు చిన్నవిగా వస్తే అన్నిటి చుట్టూ ఒకే రంగు పట్టీ కుట్టి, తర్వాత ఒకే కొలతకు కత్తిరించండి. నా ఆరింటిలో మూడు అలాగే నిలబడ్డాయి. పట్టీలు అమ్మ ఆకుపచ్చ వెంకటగిరి చీరవి. మూలల్లో వెంట్రుకవాసి తేడా ఉంటే మాత్రం విప్పకండి, దానికోసం బట్టను బలిచేయడం నాకు ఇష్టం లేదు.

ఏ చీర పీలికలు ఆ చీరవిగా విడివిడి మూటలు కట్టి ఉంచండి. బొంత పూర్తయ్యేలోగా వాటి అవసరం తప్పక పడుతుంది, ఆ రంగు మళ్లీ బజారులో దొరకదు.