డెబియన్ ప్యాకేజీలు సొంతంగా నేర్చుకుందాం – 7: ఏ ప్లేయర్ ఉన్నా సరే అన్నారు, మరి స్క్రిప్టు సంగతి?

పోయిన పాఠంలో, వీడియో పాఠాలు ఒకదాని తర్వాత ఒకటి తెరిచే మన ‘పాఠం-చూడు’ ప్యాకేజీ కంట్రోల్ ఫైల్లో (ప్యాకేజీ వివరాలు రాసే ఫైలు), డిపెండ్స్ దగ్గర (నడవడానికి ఇంకేం ఉండాలో చెప్పే లైను) ఎంపీవీ అనే వీడియో ప్లేయర్ ఒక్కటే ఉంటే దాన్ని ‘ఎంపీవీ | వీఎల్‌సీ’ అని, అంటే రెండిట్లో ఏ ప్లేయరైనా సరే అని మార్చాం. ఆ తర్వాత మీలో చాలామంది చెప్పింది ఒకటే: ఇన్‌స్టాల్ ఏ గొడవా లేకుండా అయిపోయింది, పాఠం మీద నొక్కితే మాత్రం ‘ఎంపీవీ: కమాండ్ నాట్ ఫౌండ్’ అని ఆగిపోతోంది. వీళ్లందరి దగ్గరా ఉన్నది వీఎల్‌సీ ఒక్కటే. ఈసారి మొత్తం వర్చువల్ ప్యాకేజీల (ఒకే పని చేసే చాలా ప్యాకేజీలకి ఉమ్మడిగా ఉండే పేర్ల) గురించే చెప్దామనుకున్నాను, కానీ ఇది తేలకుండా అటు వెళ్లి లాభం లేదు.

ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ తప్పేమీ చేయలేదు. వీఎల్‌సీ ఉంది కాబట్టి షరతు తీరిపోయింది, ఎంపీవీ జోలికి పోలేదు. ఆ నిలువు గీత పెట్టినప్పుడు మీరు చెప్పింది ‘ఈ రెండిట్లో ఏది ఉన్నా నా ప్రోగ్రాం నడుస్తుంది’ అని. నడిపించాల్సింది స్క్రిప్టు, అందులో ఇంకా ‘ఎంపీవీ --స్టార్ట్=90’ అనే ఉంది. డిపెండ్స్ లైను మారిస్తే స్క్రిప్టు దానంతటదే మారదు.

స్క్రిప్టులో ప్లేయర్ పేరు మార్చేసినంత మాత్రాన సరిపోదు. 90వ సెకను నుంచి మొదలుపెట్టమనడానికి ఎంపీవీలో ‘--స్టార్ట్=90’, వీఎల్‌సీలో ‘--స్టార్ట్-టైమ్=90’, ఎంప్లేయర్‌లో ‘-ఎస్‌ఎస్ 90’. ఇంకో తేడా కూడా ఉంది, ఇది చాలా ఆలస్యంగా బయటపడుతుంది. వీడియో అయిపోగానే ఎంపీవీ మూసుకుపోతుంది, వీఎల్‌సీ విండో అలాగే తెరిచి ఉంటుంది. మన స్క్రిప్టు ప్లేయర్ ముగిసేదాకా ఆగి తర్వాతి పాఠం తెరుస్తుంది కదా, వీఎల్‌సీతో అయితే అది ఎప్పటికీ తెరుచుకోదు. అక్కడ ‘--ప్లే-అండ్-ఎగ్జిట్’ చేర్చాలి. కాబట్టి స్క్రిప్టులో ‘కమాండ్ -వీ’తో ముందు ఎంపీవీ ఉందా అని చూడండి, లేకపోతే వీఎల్‌సీ ఉందా అని చూడండి, ఎవరి ఆప్షన్లు వాళ్లకి ఇవ్వండి. డిపెండ్స్‌లో ఏ వరుసలో రాశారో స్క్రిప్టులోనూ అదే వరుస ఉంచండి. నేనైతే ఎప్పుడూ ఎంపీవీనే ముందు పెడతాను, స్క్రిప్టు నుంచి నడపడానికి అంత హాయైన ప్లేయర్ నాకు ఇంకోటి కనబడలేదు.

వీడియో తెరిస్తే చాలు, సెకన్లతో పనిలేదు అంటారా, అయితే ఈ తంటా అంతా ఎందుకు, ‘ఎక్స్‌డీజీ-ఓపెన్’కి ఫైలు ఇచ్చేయండి, యూజర్ ఏ ప్లేయర్ డిఫాల్టుగా పెట్టుకున్నాడో అదే తెరుచుకుంటుంది. అప్పుడు డిపెండ్స్‌లో ఆ కమాండ్ ఉండే ఎక్స్‌డీజీ-యుటిల్స్ ప్యాకేజీ ఉంచి, ప్లేయర్లను రెకమెండ్స్‌లోకి (ఉంటే మంచిది, తప్పనిసరి కాదు అని చెప్పే లైను) దించండి.

ఇక నన్ను నిజంగా చిరాకు పెట్టే విషయం. కొంతమంది ‘ఎంపీవీ | ఏదైనా-ప్లేయర్’ అని రాసి, అన్ని ప్లేయర్లనీ కలిపేశామని చెప్పారు. ఆ రెండో పేరు ఎవరిచ్చారు? వర్చువల్ ప్యాకేజీ అంటే మనం పేరు పుట్టిస్తే పుట్టేది కాదు. అవతలి ప్యాకేజీ తన కంట్రోల్ ఫైల్లో ప్రొవైడ్స్ దగ్గర (ఈ పేరుకి నేనూ పనికొస్తాను అని చెప్పే లైను) ఆ పేరు రాసుకోవాలి. వీఎల్‌సీ అలాంటి పేరేదీ రాసుకోలేదు, కాబట్టి దాన్ని మీ లైను లెక్కలోకే తీసుకోదు. ఘోరం ఏమిటంటే ఎర్రర్ కూడా రాదు. మొదటి పేరు అసలు ప్యాకేజీ కాబట్టి ఆప్ట్ ఎంచక్కా ఎంపీవీ తెచ్చి పెట్టేస్తుంది, మీరు పని అయిందనుకుంటారు, వీఎల్‌సీ వాడేవాడి మెషీన్లో అడగని ఎంపీవీ వచ్చి కూర్చుంటుంది. అదే ‘ఏదైనా-ప్లేయర్’ ఒక్కటే రాసి ఉంటే ఇన్‌స్టాలే అయ్యేది కాదు, తప్పు అప్పుడే దొరికేది.

‘మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్’, ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-బ్రౌజర్’ లాంటి పేర్లు పనిచేస్తున్నాయంటే, అవి డెబియన్ పాలసీతో (ప్యాకేజీల నియమాల పుస్తకం) పాటు ఉండే వర్చువల్ పేర్ల జాబితాలో ఉన్నాయి, ఆయా ప్యాకేజీలు వాటిని ప్రొవైడ్స్‌లో రాసుకున్నాయి. కొత్త పేరు కావాలంటే ముందు డెవలపర్ల మెయిలింగ్ లిస్టులో చర్చ పెట్టి ఒప్పించుకోవాలి. కలిసి పనిచేసే కొద్ది ప్యాకేజీల మధ్య సొంత పేరు వాడుకోవచ్చని పాలసీయే అంటుంది, కానీ ఎంపీవీ, వీఎల్‌సీ మనవి కావు. ఏ వర్చువల్ పేరైనా రాసేముందు ‘ఆప్ట్-క్యాష్ షోపీకేజీ’ పక్కన ఆ పేరు కొట్టి ‘రివర్స్ ప్రొవైడ్స్’ కింద ఏమైనా ఉందా చూడండి. అక్కడ ఖాళీ అయితే ఆ పేరు వద్దు. జాబితాలో ఉన్న పేరు వాడినా, అసలు ప్యాకేజీ ఒకటి ముందు, వర్చువల్ పేరు తర్వాత రాయండి, లేకపోతే ఎవరి మెషీన్లో ఏది వస్తుందో చెప్పలేం.

ఉబుంటులో వీఎల్‌సీని స్నాప్‌గా (ఆప్ట్‌తో సంబంధం లేని వేరే రకం ప్యాకేజీగా) వేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆప్ట్‌కి అది కనబడదు, కాబట్టి మీకు ఎంపీవీ అదనంగా రావడం మామూలే.

అభ్యాసం: ఒక ఫోల్డర్‌లో ‘ఎంపీవీ’, ‘వీఎల్‌సీ’ అనే పేర్లతో, తమకు ఏ ఆప్షన్లు వచ్చాయో ప్రింట్ చేసే రెండు దొంగ స్క్రిప్టులు రాయండి. ప్లేయర్లు ఏవీ వేయని కంటైనర్లో (మీ మెషీన్లోనే విడిగా నడిచే చిన్న లినక్స్) ఆ ఫోల్డర్‌ని పాత్‌లో (కమాండ్లు వెతికే ఫోల్డర్ల వరుస) ముందు పెట్టి, ఒక్కొక్కటే ఉంచుతూ, రెండూ ఉంచి, రెండూ తీసేసి మన ప్రోగ్రాం నడపండి. ఏ ప్లేయరూ దొరకనప్పుడు తెలుగులో ఒక మాట చెప్పి సున్నా కాని కోడ్‌తో బయటికి రావాలి. తర్వాత ఎంప్లేయర్‌ని చేర్చండి. ఆఖరికి టోటెమ్ అనే ఇంకో ప్లేయర్ మాన్యువల్ మొత్తం చదివి, దాన్ని మన డిపెండ్స్ లైనులో చేర్చవచ్చా లేదా, ఎందుకు, అని రాసి పంపండి.