పీనియల్ గ్రంథి తన పని తాను చేసుకోవాలంటే రాత్రిపూట ఏం చేయాలి?

పీనియల్ గ్రంథి అనగానే మూడో కన్ను తెరిపిస్తాం, గ్రంథిని క్లీన్ చేస్తాం, దాంతో ఇమ్యూనిటీ పెరుగుతుంది, గాయాలు మానిపోతాయి అంటూ వీడియోలు వరసపెట్టి వస్తాయి, వాటిని పక్కన పెట్టేయండి. మెదడు మధ్యలో బియ్యపు గింజంత ఉండే ఈ గ్రంథికి మన నుంచి కావాల్సింది పగలు వెలుగు, రాత్రి చీకటి, అంతే. చీకటి పడ్డాక ఇది మెలటోనిన్ అనే హార్మోన్ వదుల్తుంది, 1958లో ఆరన్ లెర్నర్ అనే ఆయన టీమ్ దీన్ని పశువుల పీనియల్ గ్రంథుల్లోంచే వేరు చేసింది. జబ్బులతో పోరాడే మన తెల్ల రక్తకణాల మీద కూడా మెలటోనిన్‌ని పట్టుకునే రిసెప్టార్లు ఉన్నాయి, ఇమ్యూనిటీతో లింకు అక్కడే. అలాగని ఇదొక్కటే గాయాలు మాన్పేస్తుందని కాదు, ఇది ఒంటికి "రాత్రయింది" అని కబురు పంపుతుంది, ఒంటి అసలు రిపేరు పనిలో చాలావరకు నిద్రలో జరుగుతుంది.

ముందు పొద్దున సంగతి. లేచిన గంటలోపు ఓ ఇరవై నిమిషాలు బయట వెలుగులో ఉండండి, మబ్బు పట్టినా పర్లేదు, బయటి వెలుగు ఇంట్లో ట్యూబ్‌లైట్ కంటే చాలా ఎక్కువే. రాత్రి మెలటోనిన్ టైముకి రావడానికి ఇది మొదటి మెట్టు.

రెండోది, అసలు కష్టం ఇక్కడే. పడుకునే ముందు రెండు గంటలు లైట్లు తగ్గించాలి. కంటి వెనక పొర అయిన రెటీనాలో కొన్ని కణాలకి చూపుతో పెద్దగా పనిలేదు, వెలుగు ఉందా లేదా అని మెదడులోని గడియారానికి చెప్పడమే వాటి డ్యూటీ, 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి నీలి వెలుగుకి అవి బాగా స్పందిస్తాయి, అది తగిలితే పీనియల్‌కి "ఇంకా పగలే" అని మెసేజ్ వెళ్లి మెలటోనిన్ తగ్గిపోతుంది. నేనైతే ఫోన్‌లో నీలి వెలుగు తగ్గించే నైట్ మోడ్ పెట్టేసి పని అయిపోయిందనుకునేవాణ్ణి, కానీ బ్రైట్‌నెస్ తగ్గించకుండా గంటలు గంటలు చూస్తే దాంతో పెద్ద లాభం లేదు.

మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయండి.

గది చీకటిగా ఉంచండి, ఛార్జర్ మీద మెరిసే చిన్న లైటు గురించి మరీ బెంగ పడక్కర్లేదు గానీ వీధి లైటు మొహం మీద పడుతుంటే మందపాటి కర్టెన్ వేస్కోండి. రాత్రి బాత్రూమ్‌కి లేస్తే పెద్ద లైటు వద్దు, కింద ఎర్రటి చిన్న బల్బు చాలు.

ఇక నిద్ర 7 గంటలకి తగ్గనివ్వకండి. 2009లో వచ్చిన ఒక స్టడీలో 153 మంది ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు, 7 గంటల కంటే తక్కువ పడుకునేవాళ్లకి, 8 గంటలు ఆపైన పడుకునేవాళ్లతో పోలిస్తే జలుబు చేసే అవకాశం దాదాపు 3 రెట్లు కనిపించింది. ఇందులో మెలటోనిన్ వాటా ఎంతో ఆ స్టడీ చెప్పలేదు, అది కొలిచింది నిద్రనే.

ఇంత కష్టం ఎందుకు, మెలటోనిన్ బిళ్ల వేసుకుంటే పోలా అంటారా? అది రోగనిరోధక కణాల్ని రెచ్చగొట్టే అవకాశం కూడా ఉంది కాబట్టి ఆటో ఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ కణాలు ఒంటి మీదే దాడి చేసేవి) ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి వెళ్లొద్దు, రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లు కూడా అంతే.