రోబోతో మందుల పరీక్ష – 4వ పాఠం: కణాలను సమంగా పోయించడం

పోయినసారి ఇచ్చిన లెక్క సరిచూసుకుందాం: రోబోతో ప్లేట్లు నింపడానికి కణాలు కలిపిన ద్రవం ఎంత కావాలి? 384 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్లు 10. ఒక్కో వెల్‌లో 50 మైక్రోలీటర్లు, అందులో 2,000 కణాలు. ప్లేటుకు 19.2 మి.లీ. చొప్పున 192 మి.లీ. అవుతుంది. అంతే కలిపితే పదో ప్లేటు మధ్యలో రోబో గాలి పీలుస్తుంది. గొట్టాల్లో నిండేదీ సీసా అడుగున మిగిలేదీ కలుపుకుని 220 మి.లీ. చేసుకోండి. మి.లీ.కు 40,000 చొప్పున 88 లక్షల కణాలు. మీ దగ్గరున్న ద్రవంలో మి.లీ.కు 10 లక్షలు ఉంటే, 8.8 మి.లీ. తీసి 211.2 మి.లీ. మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) కలపాలి. ట్రిపాన్ బ్లూ అనే రంగు కొద్ది నమూనాలో వేసి, నీలం ఎక్కని బతికున్న కణాలనే లెక్కపెట్టండి.

ఇక అసలు చిక్కు. కణాలు నీళ్లలా ఉండవు, అడుగుకు దిగిపోతాయి. పంక్తి భోజనాల్లో సాంబారు బకెట్టులో గరిటె తిప్పకుండా వడ్డిస్తే ముందు కూర్చున్నవాళ్లకు నీళ్లు, చివరివాళ్లకు ముక్కలు. మన రోబో గొట్టం సీసా అడుగు నుంచి పీలుస్తుంది కాబట్టి ఇక్కడ కథ తిరగబడుతుంది: మొదటి ప్లేట్లకు ముక్కలు, చివరివాటికి నీళ్లు.

ఇది తెలియడానికి నాకు ఒక వారం పని బూడిదపాలైంది. ఆఖరి మూడు ప్లేట్లలో మందులన్నీ కణాలను చంపేస్తున్నట్టు కనిపిస్తే తెగ సంబరపడ్డాం. తీరా చూస్తే మందు వేయని వెల్స్‌లోనూ కణాలు అంతే తక్కువ!

సీసా కింద మాగ్నెటిక్ స్టిరర్ (అయస్కాంతంతో ద్రవాన్ని కలియతిప్పే పరికరం) పెట్టి నెమ్మదిగా తిప్పండి. నురగ వచ్చేంత వేగం వద్దు, కణాలు దెబ్బతింటాయి. మధ్యలో రోబోను ఆపారా? గొట్టంలో ఆగిన ద్రవంలోనూ కణాలు దిగి ఉంటాయి. దాన్ని పారబోసి, గొట్టం మళ్లీ నింపాకే మొదలుపెట్టండి.

పోయడం అయ్యాక ప్లేట్లను వెంటనే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోకి తోయకండి. అంచు వెల్స్ ముందు వేడెక్కి, లోపల ద్రవం కదిలి, కణాలు ఒక పక్కకు చేరతాయి. ముందు గంటసేపు బల్లమీద గది వేడిలోనే ఉంచితే ఇది బాగా తగ్గుతుందని 2003లోనే ఒక పరిశోధన చూపించింది. ఒకదానిమీద ఒకటి పేర్చకండి. అంచుల్లో ద్రవం ఆవిరయ్యే బాధ మాత్రం దీనితో పోదు. అందుకే చుట్టూ ఉన్న 76 వెల్స్‌లో నేను మందు వేయను. మిగిలిన 308 చాలు.

ఈ వారం అభ్యాసం: మందు లేకుండా 10 ప్లేట్లూ పోయించండి. మర్నాడు ఏటీపీని (బతికున్న కణాల్లో ఉండే శక్తి అణువు) కొలిచే రియేజెంట్ వేసి 1, 5, 10 ప్లేట్ల వెలుగు చదవండి; కణాలు ఎక్కువుంటే వెలుగూ ఎక్కువ. ఒక్కో ప్లేటుకు సగటు, సీవీ (సగటులో ప్రామాణిక విచలనం ఎంత శాతమో) తీయండి. సీవీ 10 శాతం దాటితే మందుల జోలికి వెళ్లొద్దు.

ఒక చిన్న ప్రశ్న. మన డిస్పెన్సర్‌కు (రోబోలో ద్రవం పోసే భాగం) 8 నాజిళ్లు, వాటి మధ్య దూరం 9 మి.మీ. ప్లేటులో ఏ, బి, సి... అని పేర్లున్న వరుసలు 16, వాటి మధ్య 4.5 మి.మీ. సి, డి వరుసల్లో మాత్రమే కణాలు తక్కువ వచ్చాయి. ఎన్నో నాజిల్ పూడుకుపోయింది?