జనాన్ని బట్టి మారే డాన్స్, 3వ భాగం: కదలికని కొలవడం

సెన్సార్ల సంగతి అయిపోయింది, ఇక అసలు పని. చూసేవాళ్ళ కదలికని ఒక నంబర్ చేసి దాంతో డాన్సర్‌కి సిగ్నల్ ఇవ్వాలి. 1965లోనే అమెరికన్ కొరియోగ్రాఫర్ మెర్స్ కన్నింగ్‌హామ్, సంగీతకారుడు జాన్ కేజ్ వాళ్ళ వేరియేషన్స్ ఫైవ్ అనే ప్రదర్శనలో డాన్సర్లు కదిలితే ఫోటోసెల్స్ (వెలుతురు మార్పుని గుర్తించేవి), యాంటెన్నాలు పసిగట్టి శబ్దం మార్చేవి. మనకి మాత్రం కదిలేది జనం.

ఆర్కే బీచ్‌లో పొద్దున్నే చేస్తున్నాం అనుకోండి. మైక్ పెట్టొద్దు, అలల హోరులో చప్పట్లు వినపడవు. మామూలు వెబ్‌క్యామ్ చాలు, కానీ దాన్ని సముద్రం వైపు తిప్పారంటే ఎదురుగా ఎండ కొట్టి జనం నల్లగా పడతారు, పైగా ప్రతి అలనీ కదలికే అని లెక్కేస్తుంది. అందుకే కెమెరా వీపు సముద్రానికి, చూపు జనం మీదకి. వెనక రోడ్డు మీద నడిచేవాళ్ళు కనిపించే భాగం క్రాప్ చేసేయండి.

లెక్క సింపుల్: ఇప్పటి ఫ్రేమ్‌లోంచి (ఫ్రేమ్ అంటే వీడియోలో ఒక్కో బొమ్మ) ముందు ఫ్రేమ్ తీసేస్తే ఎన్ని పిక్సెల్స్ మారాయో తెలుస్తుంది, అదే శాతం. ఈ లెక్క చేసిపెట్టే టచ్‌డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో 1280 పిక్సెల్స్ దాకా వస్తుంది, మనకి 320 బై 240 చాలు. ఆటో ఎక్స్‌పోజర్ (వెలుతురుని బట్టి కెమెరా తనంతట తానే సర్దుకోవడం) తప్పకుండా ఆపండి, లేకపోతే మబ్బు పట్టినప్పుడల్లా జనం ఎగిరినట్టు చూపిస్తుంది.

నంబర్ ఊరికే ఎగిరిపడుతుంది కాబట్టి చివరి 2 సెకన్ల సగటు తీసుకోండి. హద్దు ఒకటే పెడితే అక్కడక్కడే ఊగుతూ సిగ్నల్ వెలిగి ఆరి డాన్సర్‌కి పిచ్చెక్కిపోతుంది, అందుకే రెండు పెట్టండి, 12 శాతం దాటితే వెలగాలి, 6 శాతం కిందకి దిగితేనే ఆరాలి. మీ చోటుని బట్టి ఈ అంకెలు మార్చుకోండి.

సిగ్నల్ అంటే డాన్సర్లకి మాత్రమే కనపడే చిన్న లైట్. థింసా చేస్తుంటే (అరకు వైపు ఆడేవాళ్ళనే పిలిచి, వాళ్ళ దగ్గరే నేర్చుకుని చేయండి, ఇది నా గట్టి మాట) జనం కుదురుగా ఉన్నంతసేపు చిన్న వలయం, లైట్ వెలిగితే ఆ వలయం విడిపోయి గొలుసులా జనం చుట్టూ తిరగాలి. అయితే వెలిగిన క్షణమే కాదు, వేస్తున్న అడుగుల వరస పూర్తయ్యాకే, ఎప్పుడు మారాలో ముందు నిలబడ్డావిడ నిర్ణయించాలి. మెషీన్ చెప్పగానే మారిపోతే అది డాన్స్ అనిపించుకోదు.

చేతులు ఊపండి అని జనానికి అనౌన్స్ చేయొద్దు, వాళ్ళే కనిపెట్టనివ్వండి. వీడియో సేవ్ చేయొద్దు, మొహాలు మనకి అక్కర్లేదు.

వచ్చే భాగానికి హోంవర్క్: నలుగురైదుగురు ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి ఓ పాట పెట్టి నంబర్ మాత్రం రాసుకోండి, ఎవరు ఎప్పుడు నవ్వారో ఎప్పుడు లేచారో పక్కనే నోట్ చేసుకోండి. పిల్లలు మధ్యలోకి పరిగెత్తుకొచ్చేస్తే ఏం చేయాలో అప్పుడు చూద్దాం.