పిల్లల మినీబైకు విప్పే ముందు: గవర్నర్ జోలికి పోకండి

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. అమెరికాలోని మన తెలుగువాళ్ల గ్యారేజీల్లోకి ఈ ఏడు కూడా మినీబైకులు, చిన్న డర్ట్ బైకులు వచ్చి చేరతాయి. ఈ మధ్యనే మేముండే ప్రాంతంలో పద్నాలుగేళ్ల పిల్లవాడొకడు మినీబైకును స్టాండు మీద నిలబెట్టి గట్టిగా రేజ్ చేస్తుండగా ఇంజన్‌తోపాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, పగిలింది. దాని ముక్క పైనున్న రేకును చీల్చుకుని వచ్చి అతని ముంజేతి ఎముకను విరిచింది. అంతకు కొద్ది రోజుల ముందే అతడు ఒక వీడియో చూసి, ఎవరి సాయమూ లేకుండా, ఇంజన్ లోపల ఉండి దాని వేగానికి హద్దు పెట్టే గవర్నర్ అనే భాగాన్ని తీసేశాడు. విప్పిన ప్రతి బోల్టునూ వరుసగా పేర్చుకుని, మళ్లీ సరైన చోట బిగించగల ఓపికా శ్రద్ధా ఉన్న పిల్లవాడు అతడు. తాను తీసేసిన భాగం అక్కడ ఎందుకు ఉన్నదో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ అభిరుచి మంచిదని మనసారా నమ్మేవాణ్ణి కాబట్టే ఇది రాస్తున్నాను. 1960లలో ఈ దేశపు పిల్లలు గడ్డి కోసే యంత్రాలకు వాడే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, టెకమ్సే ఇంజన్లను ఇనుప గొట్టాల చట్రాలకు బిగించి మినీబైకులు చేసుకున్నారు. ఆ తరువాత హోండా జడ్ 50 వచ్చింది, 1981లో యమహా పీడబ్ల్యూ 50 వచ్చింది. పదేళ్ల వయసులో ఒక కార్బ్యురేటర్ విప్పి, కడిగి, తిరిగి బిగించి, ఇంజన్ స్టార్టయిన శబ్దం విన్నవారిలో ఎందరో జీవితాంతం పానా వదల్లేదు. మన వైపు కూడా 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 ఎన్నో ఇళ్ల వాకిళ్లలో పిల్లలకు తొలి ఇంజన్ పాఠం చెప్పాయి. అటువంటి ఆసక్తి పిల్లల్లో కనిపిస్తే దాన్ని తుంచేయకూడదు. అయితే లూనా నాటి జ్ఞానం ఇక్కడి బండికి అన్ని విధాలా సరిపోదు. సరిపోని చోటులన్నింటిలోకీ ప్రమాదకరమైనది గవర్నర్.

హెల్మెట్, చేతి తొడుగులు, బూట్ల గురించి ఇక్కడ చెప్పను, అవి అందరికీ తెలిసినవే. సైకిల్ హెల్మెట్ ఈ పనికి చాలదనీ, ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పారేయాలనీ మాత్రం గుర్తుంచుకోండి.

బండి ఎంపిక

ఎదిగే పిల్లవాడు కదా అని బట్టలు ఒక సైజు పెద్దవి కొంటాము. బండి విషయంలో ఆ లెక్క పనికిరాదు. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, బ్రేకు లీవరు వేళ్లకు సులువుగా అందాలి. ఇప్పుడు ఆనకపోతే ఇప్పుడు ఆ బండి వద్దు. యమహా పీడబ్ల్యూ 50, హోండా సీఆర్ఎఫ్ 50 వంటి బండ్లలో యాక్సిలరేటర్ ఎంతవరకు తిరగాలో కట్టడి చేసే స్క్రూ ఉంటుంది. దాన్ని బిగించి మొదలుపెట్టి, పిల్లల చేతికి అలవాటయ్యే కొద్దీ కొంచెం కొంచెంగా వదలాలి.

16 ఏళ్లలోపు పిల్లలు ఇటువంటి ఆఫ్‌రోడ్ మోటారు వాహనాలు అసలు నడపకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా ఇస్తున్నది. ఆ సలహాను మన్నించదలచిన తల్లిదండ్రులకు ఒక మాట. ఈ విద్య నేర్చుకోవడానికి బండి నడపనవసరం లేదు. ఒక పాత ఇంజన్‌ను బల్లకు బిగించి ఇస్తే పిల్లలు విప్పి బిగించడంలోనే వేసవి అంతా గడిపేస్తారు. నడపనిచ్చేవారు ముందుగా మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వారి డర్ట్‌బైక్ స్కూలులో చేర్చండి. ఆరేళ్లు నిండిన పిల్లలను అక్కడ చేర్చుకుంటారు.

గవర్నర్

196 సీసీ, 212 సీసీ ఇంజన్లున్న మినీబైకులు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి. ఈ ఇంజన్లను మొదట నీటి పంపులకూ, జనరేటర్లకూ, ఇతర పనిముట్లకూ తగినట్టు తయారుచేశారు. నిమిషానికి సుమారు 3600 చుట్లు దాటి తిరగకూడదన్న లెక్కతోనే వాటి లోపలి భాగాలను పోతపోశారు. ఆ హద్దును కాపాడే కాపలాదారే గవర్నర్. ఇంజన్ అడుగున నూనెలో తిరిగే ఒక చిన్న పళ్ల చక్రం మీద రెండు బరువులుంటాయి. వేగం పెరిగే కొద్దీ ఆ బరువులు బయటికి విచ్చుకుని ఒక కడ్డీని నెడతాయి, ఆ కడ్డీ కార్బ్యురేటర్ రెక్కను మూస్తుంది. మనం యాక్సిలరేటర్‌ను పూర్తిగా తిప్పి పట్టుకున్నా ఇంజన్ ఆ హద్దు దాటకుండా ఉండేది ఈ ఏర్పాటు వల్లనే.

గవర్నర్ తీస్తే బండి వేగం పెరుగుతుందన్నది నిజమే, వీడియోలు చూపించేదీ అదే. అయితే తిరిగే చక్రం మీద లోపలి నుంచి బయటికి లాగే ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. 3600 చుట్ల దగ్గర ఉన్న ఒత్తిడి 5400 చుట్లకు రెండుంబావు రెట్లవుతుంది, 7200 చుట్లకు నాలుగు రెట్లవుతుంది. ఇంజన్‌తో వచ్చిన ఫ్లైవీల్ పోత ఇనుముతో చేసినది. గాలి విసిరే రెక్కలు, స్పార్కు పుట్టించే అయస్కాంతాలు దానికే అమర్చి ఉంటాయి. పోతలో కంటికి కనిపించని ఒక చిన్న బుడగో పగులో ఉన్నా అది అక్కడి నుంచే విడిపోతుంది, విడిపోయిన ముక్క వడిసెల నుంచి వదిలిన రాయిలా దూసుకొస్తుంది. దాని మీద కప్పిన పలుచని రేకు గాలిని దారి మళ్లించడానికి ఉన్నదే తప్ప ముక్కను ఆపడానికి కాదు. పిస్టన్‌ను కింది ఇరుసుకు కలిపే అల్యూమినియం కనెక్టింగ్ రాడ్ పరిస్థితీ ఇదే. అది తెగితే ఇంజన్ గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది, వేడి నూనె ఆ రంధ్రంలోంచి నడిపేవాడి కాళ్ల మీద పడుతుంది.

ఈ ఇంజన్లలో నూనె పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ కింది కొస నూనెను చిమ్మితే చిమ్మినంత తడి, అంతే. నిలకడగా ఒకే వేగంతో తిరిగే పనిముట్టుకు అది చాలు. హద్దు మీరి తిరిగే ఇంజన్‌లో, అందులోనూ ఏటవాలు నేల మీద నూనె ఒక పక్కకు చేరినప్పుడు, రాడ్ బేరింగుకు నూనె అందక అది పట్టేస్తుంది.

గవర్నర్ తీసిన ఇంజన్లు కొన్ని వెంటనే పగలవు. దానికి కారణం, ఇంజన్‌లోకి గాలినీ బయటికి పొగనూ వదిలే వాల్వులను మూసే స్ప్రింగులు. కంపెనీ అమర్చిన మెత్తని స్ప్రింగులు మితిమీరిన వేగంలో వాల్వులను సమయానికి మూయలేవు. దానితో ఇంజన్ దానంతటదే బలహీనపడి ఇంకా వేగం అందుకోలేకపోతుంది. ఈ ఇబ్బందిని చూసి పిల్లలు తరువాతి మెట్టుగా గట్టి స్ప్రింగులు కొని వేస్తారు. అప్పుడు మిగిలిన ఆ చివరి అడ్డు కూడా పోతుంది. నేను చూసిన ఘోరాలు చాలావరకు ఈ వరుసలోనే జరిగాయి. ముందు గవర్నర్, తరువాత స్ప్రింగులు, ఆపైన ఒక సాయంత్రం స్నేహితుల ముందు పూర్తి రేజ్.

రేసు కార్టుల వాళ్లు గవర్నర్ తీస్తారు కదా అని మీ అబ్బాయి వాదిస్తాడు. తీస్తారు. దానితోపాటు ఫ్లైవీల్‌ను, కనెక్టింగ్ రాడ్‌ను గట్టి లోహపు దిమ్మె నుంచి చెక్కినవాటితో మార్చుకుంటారు, కంచె ఉన్న ట్రాకు మీద, పెద్దల పర్యవేక్షణలో నడుపుతారు. అవన్నీ కొని బిగించినా సరే, మినీబైకుకు వెనుక చక్రానికి మాత్రమే బ్రేకు, వెనుక సస్పెన్షన్ లేని చట్రం, మెత్తని లావు టైర్లు ఉంటాయన్నది మారదు. గంటకు 20 మైళ్ల ప్రాంతంలో నడిచేందుకు చేసిన బండిని అదే బ్రేకుతో అంతకు రెట్టింపు వేగంలో ఆపడం అనుభవమున్న పెద్దవాళ్లకే సాధ్యం కాదు.

కాబట్టి గవర్నర్ తీయవద్దు. గవర్నర్ స్ప్రింగు మార్చడం, దాని కడ్డీని వైరుతో కట్టేయడం, యాక్సిలరేటర్ కేబుల్‌ను నేరుగా కార్బ్యురేటర్ రెక్కకు తగిలించడం, ఇవన్నీ గవర్నర్ తీయడంతో సమానమే. గవర్నర్ అంటే మోజు ఉన్న పిల్లవాడికి స్పార్క్ ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటరు, అంటే ఇంజన్ చుట్లను కొలిచే మీటరు, కొనివ్వండి, ఎన్ని చుట్లకు క్లచ్ పట్టుకుంటున్నదో, ఎన్నింటి దగ్గర గవర్నర్ అడ్డుపడుతున్నదో కొలిచి రాసుకోమనండి. ఆ కడ్డీ కదలికను కళ్లారా చూసి అర్థం చేసుకున్న పిల్లవాడు దాన్ని తీయడానికి సహజంగానే వెనుకాడతాడు.

పెట్రోలు, గ్యారేజీ

పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి లేచిపోకుండా నేల వెంట పాకుతుంది. గ్యారేజీలో గ్యాసుతో నడిచే వాటర్ హీటర్ ఉన్నదేమో ముందు చూడండి. ఆ హీటర్ మంటను నేలకు 18 అంగుళాల ఎత్తున పెట్టాలన్న నిబంధన ఈ ఆవిరిని దృష్టిలో ఉంచుకుని పెట్టినదే. ట్యాంకు ఖాళీ చేయడం, కార్బ్యురేటర్ విప్పడం వంటి పనులు ఇంటి బయట, నీడలో, గాలి ఆడే చోట చేయించండి. పెట్రోలుతో భాగాలు కడిగే అలవాటు మన దేశపు షెడ్లలో ఉన్నది, దాన్ని పిల్లలకు నేర్పకండి. గ్యారేజీ తలుపు తెరిచే ఉన్నది కదా అని లోపల ఇంజన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది గోడ అవతలి పడకగదిలోకి కూడా చేరుతుంది.

మిగతావి వరుసగా రాస్తున్నాను, పిల్లలతో కూర్చుని ఒక్కొక్కటీ చదవండి.

కొత్త మినీబైకు పెట్టెలోంచి వచ్చేటప్పటికి చాలావాటి ఇంజన్‌లో నూనె ఉండదు. నూనె పోయకుండా తాడు లాగకండి, 196 సీసీ రకానికి సుమారు 0.6 లీటరు చాలు.

ఈ 196, 212 సీసీ రకాలు ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు. టీవీఎస్ 50కి కలిపినట్టు పెట్రోలులో ఆయిల్ కలపవద్దు. అదే పీడబ్ల్యూ 50 అయితే టూ స్ట్రోక్, దాని ఆయిల్‌కు విడిగా ట్యాంకు ఉంటుంది, అది ఖాళీ కాకుండా ఎప్పుడూ చూసుకోవాలి.

పనికి కూర్చునే ముందు స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయాలి. ప్రతిసారీ. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పినా ఇంజన్ రాజుకోవచ్చు.

ఇంజన్ నడుస్తుండగా చెయిన్‌ను గుడ్డతో తుడవకూడదు. చెయిన్ గుడ్డను పట్టుకుంటుంది, గుడ్డతోపాటు వేలు స్ప్రాకెట్ పళ్ల మధ్యకు వెళుతుంది. చెయిన్‌కు నూనె పెట్టేటప్పుడు ఇంజన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ, వేళ్లు స్ప్రాకెట్‌కు దూరంగా ఉంచి పెట్టాలి.

చెయిన్ గార్డు లేకుండా బండి నడపవద్దు.

చెయిన్ కలిపే లింకుకు వేసే క్లిప్పు మూసి ఉన్న కొస చెయిన్ వెళ్లే దిక్కుకు ఉండాలి. తిరగేసి వేస్తే క్లిప్పు దేనికైనా తగిలి ఊడిపోతుంది, తెగిన చెయిన్ వెనుక చక్రాన్ని పట్టేస్తుంది.

ఫ్లైవీల్‌ను సుత్తితో కొట్టి ఊడదీయవద్దు. దాన్ని లాగి తీయడానికి పుల్లర్ అనే పనిముట్టు ఉన్నది, అది కొనలేకపోతే ఆ పని మానుకోండి. దెబ్బ తిన్న ఫ్లైవీల్ గవర్నర్ ఉన్నా పగలవచ్చు.

స్టాండు మీద పెట్టి, లోడు లేకుండా, పూర్తిగా రేజ్ చేయవద్దు. ఫ్లైవీల్ అంచుకు సూటిగా, అది తిరిగే వరుసలో ఎవరూ నిలబడకూడదు, చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ముఖ్యంగా.

క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుమును వెల్డింగ్ చేయవద్దు. ఆ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది, అది కొద్దిగా పీల్చినా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

వదులు చొక్కా వద్దు, చున్నీ వద్దు. మెడలో గొలుసు, చేతికి తాడు, కడియం తీసేసి కూర్చోవాలి. జుట్టు ముడివేయాలి.

ఇంజన్ ఆపే స్విచ్ పనిచేస్తున్నదో లేదో బండి కదిలించక ముందే చూడాలి. మణికట్టుకు తగిలించుకునే తాడుతో ఉన్న స్విచ్ బిగించండి. పిల్లవాడు కిందపడితే ఇంజన్ ఆగాలి.

నిక్కరుతో ఎక్కవద్దు. సైలెన్సర్ పిక్క పక్కనే ఉంటుంది.

వీధిలోకి పోనివ్వవద్దు. సబ్‌డివిజన్ వీధి, అంటే మన ఇళ్ల కాలనీ లోపలి వీధి, కూడా వీధే.

వెనుక ఇంకొకరిని ఎక్కించుకోవద్దు.

మంట చర్మానికి తగిలితే 20 నిమిషాలు చల్లటి పారే నీళ్లు పోయాలి, ఐసు పెట్టకూడదు, పేస్టు పూయకూడదు. వేలు తెగితే తెగిన భాగాన్ని తడి శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు మీద ఉంచి, 911కు ఫోన్ చేయాలి. భాగం నేరుగా ఐసుకు తగలకూడదు. ఈ మాటలను కాగితం మీద రాసి గ్యారేజీ గోడకు అంటించండి.

పాత బండి కొనేవారు అమ్మేవాడి మాట మీద ఆధారపడవద్దు. కార్బ్యురేటర్ పక్కనున్న కడ్డీలు, స్ప్రింగు కంపెనీ బొమ్మలో చూపినట్టే ఉన్నాయో లేదో పోల్చుకోండి. ఇంజన్ స్టార్టు చేసి, టాకోమీటరు తగిలించి, ఒక పక్కకు నిలబడి యాక్సిలరేటర్‌ను మెల్లగా పెంచండి. 3600 దాటి బాగా పైకి పోతున్నట్టు కనిపించగానే వదిలేసి ఇంజన్ ఆపేయండి. అటువంటి ఇంజన్ ఇదివరకు ఎన్నిసార్లు ఎంత వేగంతో తిరిగిందో ఎవరికీ తెలియదు. కాబట్టి గవర్నర్ ఒక్కటి మళ్లీ బిగిస్తే చాలదు, ఫ్లైవీల్, కనెక్టింగ్ రాడ్ కూడా కొత్తవి వేయాలి. ఆ ఖర్చు కలుపుకుంటే కొత్త ఇంజనే చవక.