ముక్క పరీక్ష రిపోర్టు చదవడం ఎలా? 3వ పాఠం: డయాగ్నోసిస్ వరుస

పోయిన పాఠంలో రిపోర్టు పై సగం చూశాం. ముక్క ఎక్కడ తీశారు, ఎంత సైజు, కంటికి ఎలా కనిపించింది అన్నవి. ఈసారి కింద డయాగ్నోసిస్ అనో ఇంప్రెషన్ అనో రాసి ఉండే వరుస. ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా కాగితం చేతికి రాగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట "ఏ స్టేజి అంట?" అని. బయాప్సీ రిపోర్టులో చాలాసార్లు దానికి జవాబు ఉండదు. ఏముంటుందో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది, డాక్టర్ని ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

పాఠం కోసం ఒక ఊహా రిపోర్టు తీసుకుందాం. టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ పనికి వెళ్లే 50 ఏళ్ల మనిషి. ఏళ్ల తరబడి ఎడమ దవడన ఖైనీ పెట్టుకునే అలవాటు. అక్కడే మానని పుండు.

"లెఫ్ట్ బక్కల్ మ్యూకోసా, బయాప్సీ: మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్ స్క్వామస్ సెల్ కార్సినోమా, గ్రేడ్ 2."

బక్కల్ మ్యూకోసా అంటే బుగ్గ లోపలి పొర. ఆ తర్వాత ముందుగా పట్టుకోవాల్సింది "కార్సినోమా". క్యాన్సర్లను మొదట విడదీసేది అవి ఏ రకం కణంలో పుట్టాయన్నదాన్ని బట్టే. శరీరాన్ని బయటా లోపలా కప్పి ఉంచే పొరల్లో, గ్రంథుల్లో పుట్టినవి కార్సినోమాలు. పెద్దవాళ్ల క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇవే. చర్మం, నోరు, అన్నవాహికల్లో ఉండే పలకల్లాంటి కణాల నుంచి వస్తే స్క్వామస్ సెల్ కార్సినోమా. కడుపు, పెద్దపేగు, ప్రోస్టేట్‌లలో గ్రంథి కణాల నుంచి వస్తే అడినోకార్సినోమా. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం కూడా గ్రంథి జాతివే.

ఎముక, కండరం, కొవ్వు, రక్తనాళాల్లో పుట్టినవి సార్కోమాలు. ఇవి అరుదు, కానీ ఒక్కదాన్ని గురించి ఆగి చెప్పాలి. ఎదిగే వయసు పిల్లల్లో, ఎక్కువగా మోకాలి చుట్టుపక్కల ఎముకలో వచ్చే ఆస్టియోసార్కోమా. "ఆటలో పడ్డాడు, బెణికింది" అని కట్టు కట్టించి వారాలు గడిపేస్తారు. నొప్పి రాత్రిళ్లు కూడా వదలకుండా, వాపు తగ్గకుండా ఉంటే ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టు సంగతి తర్వాత.

మిగతా కుటుంబాలు: రక్తం తయారయ్యే మూలుగలో మొదలైతే లుకేమియా, లింఫ్ కణాల్లో అయితే లింఫోమా, ప్లాస్మా కణాల్లో అయితే మైలోమా. మెదడులోని ఆధార కణాల నుంచి గ్లయోమా, చర్మానికి రంగునిచ్చే కణాల నుంచి మెలనోమా. చివర "ఓమా" ఉన్నంతమాత్రాన భయపడొద్దు, ధీమాగానూ ఉండొద్దు. లైపోమా మామూలు కొవ్వు గడ్డ, హాని లేనిది. లింఫోమా మాత్రం క్యాన్సరే.

పుట్టిన చోటును బట్టే పేరు, ఎక్కడికి పాకినా సరే. కావలి మనిషి ఒంగోలులో కాపురం పెట్టినా కావలి మనిషే కదా. రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకితే అది ఎముక క్యాన్సర్ కాదు, ఎముకకు పాకిన రొమ్ము క్యాన్సరే. ఇలా వేరే చోటి నుంచి పాకి వచ్చినదాన్ని రిపోర్టులో "మెటాస్టాటిక్" అని రాస్తారు. మందులు కూడా రొమ్ము క్యాన్సర్‌వే ఇస్తారు.

ఇక "మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్". ఇది గ్రేడ్. మైక్రోస్కోపు కింద ఆ కణాలు తమ అసలు కణాన్ని ఎంతవరకు పోలి ఉన్నాయో చెబుతుంది. నోటి స్క్వామస్ క్యాన్సర్ స్లైడు చూస్తే, బాగా పోలిక ఉన్న చోట ఉల్లిపొరల్లా గుండ్రంగా చుట్టుకున్న గులాబీ రంగు ముద్దలు కనిపిస్తాయి. వాటిని కెరటిన్ పెర్ల్స్ అంటారు. అవి సమృద్ధిగా ఉంటే వెల్ డిఫరెన్షియేటెడ్, గ్రేడ్ 1. పోలిక దాదాపు చెరిగిపోతే పూర్లీ డిఫరెన్షియేటెడ్, గ్రేడ్ 3. మన నమూనాది మధ్యది.

చాలామంది పొరబడేది ఇక్కడే. గ్రేడ్ 2 అని చదివి, ఊరికి ఫోన్ చేసి "రెండో స్టేజి అంట" అని చెప్పేస్తారు. గ్రేడ్ కణం తీరు, స్టేజి వ్యాప్తి. స్టేజి తేల్చడానికి చిన్న ముక్క సరిపోదు. డాక్టర్ చేత్తో చూడాలి, స్కాన్ తీయాలి, కొన్నిసార్లు ఆపరేషన్ అయ్యాకే పక్కాగా తెలుస్తుంది.

ఫ్రాన్స్‌కు చెందిన పియర్ డెన్వా 1940లలో మొదలుపెట్టిన టీఎన్ఎం పద్ధతినే చాలా గడ్డలకు ఇప్పటికీ వాడుతున్నారు. టీ అంటే మొదటి గడ్డ ఎంత, ఎన్ అంటే దగ్గరి లింఫ్ గ్రంథులకు చేరిందా, ఎం అంటే దూరపు అవయవాలకు పాకిందా. మన మనిషి పుండు 3 సెంటీమీటర్లు, లోతు 7 మిల్లీమీటర్లు అనుకోండి: టీ2. మెడలో అదే వైపు 2 సెంటీమీటర్ల గ్రంథి ఒక్కటే, వ్యాధి దాని గోడ దాటలేదు: ఎన్1. ఇంకెక్కడా లేదు: ఎం0. మూడూ కలిపితే స్టేజి 3. గ్రేడ్ 2, స్టేజి 3, ఒకే మనిషికి. టీకి ముందు చిన్న "సి" ఉంటే పరీక్షలు, స్కాన్‌లను బట్టి వేసిన అంచనా. "పి" ఉంటే ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని పరీక్షించి చెప్పింది.

అన్నిటికీ ఈ పద్ధతి కుదరదు. లుకేమియాలో కొలవడానికి గడ్డే ఉండదు. మెదడు గడ్డలకు టీఎన్ఎం వాడరు, అక్కడ 1 నుంచి 4 వరకు ఉండే గ్రేడే ముఖ్యం.

అభ్యాసం: "లివర్, నీడిల్ బయాప్సీ: మెటాస్టాటిక్ అడినోకార్సినోమా, మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్." ఇది లివర్‌లోనే పుట్టిందా? ఏ మాటను బట్టి చెప్పారు? గ్రేడ్ ఎంత? టీఎన్ఎంలో ఏ అక్షరం పక్కన 1 పడుతుంది? నోటుపుస్తకంలో రాసుకోండి. అసలు ఏ అవయవంలో పుట్టిందో ఈ వరుస ఒక్కటే చూసి చెప్పలేం. దానికోసం ఆ ముక్క మీదే ఇమ్యూనో పరీక్ష చేస్తారు. 4వ పాఠం దాని గురించే.